పాత ఫ్రిజ్‌లో పది గుడ్లు

భార్య పోయి రెండేళ్లు దాటినా అత్తగారు ఇంకా ఆ ఇంట్లోనే ఎందుకుందని ఫ్రిజ్ మెకానిక్‌ని చాలామందే అడిగారు. ఆవిణ్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆవిడ ముఖం చూస్తే అడగబుద్ధి కాదు. కూతురికి జబ్బు చేసినప్పుడు చూసుకోవడానికని ఒక సంచీతో వచ్చింది. కూతురు పోయింది. సంచీ అలమరా పైకి చేరింది. ఆవిడ వెనకగదిలో ఉండిపోయింది. వెళ్లమని అతననలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు.

ఇద్దరి మధ్యా మాటలు పొదుపుగా నడిచేవి. "అన్నం మూతపెట్టాను బాబూ." "తాళం తీసుకెళ్తున్నాను అత్తయ్యా." "గ్యాసు వాడొచ్చాడు." పెళ్లయిన ఇరవై రెండేళ్లనుంచీ ఆవిడ అతన్ని 'మీరు' అనే అంటోంది. అతను కూర్చున్న గదిలోకి వస్తే తలుపు దగ్గరే నిలబడి చెప్పవలసింది చెప్పి వెళ్లిపోయేది.

వాళ్లు మాట్లాడుకోని విషయం ఒకటుంది. చివరలో డాక్టర్లు ఇంకొక్క ఆపరేషన్ చేసి చూద్దామన్నారు. ఆవిడ వద్దంది, పిల్లని ఇంటికి తీసుకెళ్లిపోదామంది. అతను చేయిద్దామన్నాడు. సంతకం అతనిదే కాబట్టి అతని మాటే నెగ్గింది. పదకొండు రోజుల తర్వాత అతని భార్య ఆస్పత్రిలోనే కన్నుమూసింది. ఆ రోజునుంచీ ఇద్దరూ ఆ సంగతి పక్కనుంచి జాగ్రత్తగా నడిచిపోతున్నారు, వరండాలో నిద్రపోతున్న కుక్కని దాటుకెళ్లినట్టు.

కోళ్ల సంగతి కంటి డాక్టరు దగ్గర మొదలైంది. శుక్లాలు చూపించుకోవడానికి అత్తగారిని అతనే వ్యాన్‌లో తీసుకెళ్లాడు. వరసలో కూర్చుని ఆవిడ అక్కడ పడున్న పాత పత్రిక ఒకటి తీసి, కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, పేజీ తిప్పకుండా ఉండిపోయింది. ఆ పేజీలో ఒక కోడి బొమ్మ ఉంది. ఒళ్లంతా బూడిదరంగు, మెడ దగ్గర మసి పూసినట్టు నలుపు, కాళ్లకి గోళ్లదాకా ఈకలు.

"ఇవి మా నాన్న కోళ్లు," అంది ఆవిడ.

అతను తొంగిచూశాడు. ఆ జాతి దాదాపు పోయిందనీ, లెక్కకి అరవై కూడా లేవనీ, ఉద్యోగం మానేసిన ఒక సర్వేయరు వాటి పేర్లూ పుట్టుకలూ ఒక రిజిస్టర్లో రాసి కాపాడుతున్నాడనీ రాసి ఉంది.

"అయిదు వేళ్లుంటాయి వీటికి," అందావిడ. "మామూలు కోళ్లకి నాలుగే. చిన్నప్పుడు నేను లెక్కపెట్టేదాన్ని. మా నాన్న పోయాక అన్నయ్యలు సంతలో అమ్మేశారు. ఇంకెక్కడా లేవనుకున్నాను."

రెండేళ్లలో ఆవిడ ఒక్క గుక్కలో అన్ని మాటలు చెప్పడం అదే మొదటిసారి. ఇంటికొచ్చాక సర్వేయరుకి ఉత్తరం రాసిపెట్టమని అడిగింది. కళ్లు కనపడక కాదు, ఆవిడ చేతిరాత ఎవరికీ అర్థం కాదు. అతను రాసిపెట్టాడు. జవాబు వస్తుందని మాత్రం అనుకోలేదు.

వచ్చింది. సర్వేయరు ఉత్తరం కూడా భూమి కొలిచినట్టే ఉంది. పది గుడ్లు పంపిస్తాడు. ప్రతి గుడ్డూ ఏమైందో రాసి పంపాలి. అయిదు నెలల తర్వాత తనే వచ్చి చూస్తాడు. జాతి లక్షణాలు తప్పిన కోడిని పెంచుకోవచ్చు, తినొచ్చు, కానీ దాని గుడ్లు పొదిగించకూడదు. చివర్న ఒక ముక్క: 'మీ దగ్గర పొదుగుకొచ్చిన పెట్ట ఉందా?'

పెట్ట లేదు. ఆ ఇంట్లో కోడి అన్నదే లేదు. అత్తగారు ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మెకానిక్ లేచి పెరట్లో షెడ్డులోకి వెళ్లాడు. అక్కడ ఎవరో బాగుచేయించుకోవడానికిచ్చి మళ్లీ రాని ఫ్రిజ్‌లు మూడున్నాయి. వాటిలో పాతదీ, బరువైనదీ చూసి, కంప్రెసరు ఊడదీశాడు. లోపల రెండు బల్బులు బిగించాడు. చిన్న ఫ్యాను ఒకటి పెట్టాడు. వేడెక్కితే బల్బులు ఆరిపోయేలా థర్మోస్టాటు తిరగేసి కలిపాడు. బతుకంతా పెట్టెల్లోంచి వేడి బయటికి లాగడమే పనిగా పెట్టుకున్న మనిషికి, వేడి లోపల నిలబెట్టడం కొత్తగా ఉంది గాని కష్టమనిపించలేదు. పెట్టెకి వేడి ఏ వైపుకి పోతోందన్నది తెలియదు కదా, గోడలు మందంగా ఉంటే చాలు. ముప్పైఏడున్నర డిగ్రీల దగ్గర థర్మామీటరు ముల్లు ఆగి కదలకుండా ఉండేదాకా రెండు రోజులు దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. చూసే గాజు కిటికీ ఒకటి తలుపుకి కోసి పెట్టాడు.

అత్తగారు చుట్టూ తిరిగి చూసింది. "తడి ఉండాలి బాబూ. కోడి కడుపు కింద ఎండిపోయినట్టుండదు."

అతను అడుగున నీళ్ల పళ్లెం పెట్టాడు.

గుడ్లు ఊకలో సర్దిన చెక్కపెట్టెలో వచ్చాయి. ఒక్కటీ పగల్లేదు. ఆవిడ ప్రతిదాని మీదా పెన్సిలుతో ఒకవైపు గీత, ఇంకోవైపు సున్నా పెట్టింది. రోజుకి మూడుసార్లు తిప్పాలి. పొద్దున్న అతను, మధ్యాహ్నం ఆవిడ, సాయంత్రం ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లు. దాంతో "తిప్పారా?" అన్న మాట ఇంట్లో కొత్తగా చేరింది. "తిప్పాను. మూడోది కొంచెం పక్కకి జరిగింది." "సరిచేశారా?" "చేశాను." చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు గాని, రెండేళ్ల లెక్కలో చూస్తే అది వాగుడు కిందే లెక్క.

ఆ వారంలోనే బావమరిది ఫోను చేశాడు. అమ్మకి తన ఊళ్లో గది సిద్ధం చేశాడు, వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆవిడ ఫోను చెవికి దూరంగా పట్టుకుని, "గుడ్లు పెట్టాం రా. ఇరవై ఒక్క రోజులు ఆగు," అని పెట్టేసింది.

ఏడో రోజు గుడ్లని టార్చి మీద పెట్టి చూశారు. రెండు ఖాళీగా, తేటగా వెలిగాయి. ఎనిమిదింట్లో ఎర్రటి దారాలు పాకి మధ్యలో ఒక నల్లచుక్క ఆడుతోంది. ఖాళీవి తీసేసి, ఆవిడ చెప్తుంటే అతను సర్వేయరుకి రాశాడు.

పదహారో రోజు మధ్యాహ్నం అతను ఊరికి ఆ చివర ఐస్‌క్రీమ్ దుకాణంలో ఫ్రీజరు విప్పి నేలంతా పరిచి ఉన్నాడు. జేబులో ఫోను మోగింది. ఇంటి నెంబరు. ఆవిడ అతనికి ఎప్పుడూ ఫోను చేసి ఎరగదు.

"నువ్వెక్కడున్నావ్? మన వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సాయంత్రందాకా కరెంటు రాదంట. తొందరగా రా!"

"ఫ్రిజ్ తలుపు తియ్యకండి," అన్నాడతను. అని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

దుకాణదారు అడ్డంగా నిలబడ్డాడు. "ఇదిలా వదిలేసి పోతావా? సరుకంతా నీళ్లయిపోదూ?"

"గంటలో వస్తాను."

"ఏమైంది, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అలాంటిదే," అని వ్యాను ఎక్కాడు. దారిలో సగానికి వచ్చాక గాని, ఆవిడ తనని 'నువ్వు' అందన్న సంగతి అతనికి తట్టలేదు.

ఇంటికెళ్లేసరికి ఆవిడ ఫ్రిజ్‌కి రెండు బొంతలు చుట్టి, పంచెతో కట్టి, దాని తలుపుకి వీపు ఆనించి కూర్చుని ఉంది. వేణ్నీళ్లు పోసిన సీసాలు అయిదు అడుగున పెట్టిందట. "ఒక్కసారే తీశాను, అయిదూ ఒక్కసారే పెట్టేశాను," అంది దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. బొంత తప్పించి తలుపు గాజులోంచి చూస్తే ముల్లు ముప్పైనాలుగు దగ్గరుంది. అతను వ్యాన్‌ని గది కిటికీ పక్కకి తెచ్చి, బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి, వైరు ఊచల మధ్యనుంచి లోపలికి లాగాడు. బల్బులు వెలిగాయి. వ్యాను ఇంజను మూడు గంటలు అలా నడుస్తూనే ఉంది. ఎదురింటివాళ్లు వచ్చి అడిగితే, బ్యాటరీ చార్జి చేస్తున్నానన్నాడు. గుడ్లకోసమని చెప్పడానికి మొహమాటమేసింది.

ఐస్‌క్రీమ్ నీళ్లయిపోయింది. ఆ దుకాణంవాడు మళ్లీ అతన్ని పనికి పిలవలేదు. మర్నాడు పొద్దున్న అత్తగారు, "తిప్పారా బాబూ?" అంది. 'మీరు' మళ్లీ వచ్చేసింది.

ఇరవై ఒకటో రోజు తెల్లవారి గుడ్లలోంచి కిచకిచలు వినపడ్డాయి. మధ్యాహ్నానికి రెండు, సాయంత్రం లోపల ఇంకో రెండు పెంకు పగలగొట్టుకుని బయటపడి, తడి గుడ్డపీలికల్లా పడుకుని, ఆరాక బూడిదరంగు ఉండలై నిలబడ్డాయి. ఆవిడ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టింది. మూడు గుడ్లు కదలకుండా మెదలకుండా ఉండిపోయాయి. అయిదో పిల్ల మాత్రం గుడ్డుకి కందిగింజంత కన్నం పొడిచి, అందులోంచి ముక్కు కొన పెట్టి, అక్కడే ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికీ అంతే. కన్నం పెద్దది కాలేదు. అరుపు సన్నబడింది.

"కొంచెం పగలగొడదామా?" అన్నాడతను.

"వద్దు బాబూ. అది రావాలి గాని మనం లాగకూడదు. లోపల దానికింకా పని ఉంటుంది."

"రేపటిదాకా ఉంటుందంటారా?"

"ఉంటే ఉంటుంది."

అతను బయటికెళ్లి వ్యాను తుడిచాడు. లోపలికొచ్చి కిటికీలోంచి చూశాడు. మళ్లీ వెళ్లి తుడిచినదే తుడిచాడు. ఆగిపోయిన వస్తువు ఎదురుగా ఉంటే అతని చేతులు ఊరుకోవు. ముప్పై ఏళ్ల అలవాటు. ఆవిడ స్నానానికి వెళ్లగానే గోరువెచ్చని నీళ్లూ, సన్నటి రాగిగొట్టాలకి వాడే పట్టకారూ తెచ్చుకుని, గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. పెంకు పలుకు పలుకుగా తీశాడు. సగం వచ్చాక లోపలి తెల్లపొర చిరిగి రక్తం చిమ్మింది. అక్కడితో ఆపాలో, తియ్యాలో తెలియలేదు. తీశాడు. పిల్ల బయటికొచ్చింది గాని, బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా లోపలికి పోలేదు, వేలాడుతోంది.

వెనక్కి తిరిగితే ఆవిడ తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు. దూది తెచ్చి ఇచ్చింది.

ఆ పిల్ల మూడు రోజులు బతికింది. మిగతా నాలుగూ అట్టపెట్టెలో బల్బు కింద గంతులేస్తుంటే, ఇది ఓ మూల ఒరిగి కూర్చునేది. అతను ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్క నీళ్లు పట్టేవాడు. నాలుగో రోజు పొద్దున్న చూస్తే అయిపోయింది. దాన్ని పెరట్లో గోడవార పూడ్చి, చేతులు కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మీరు చెప్పినట్టు వదిలేయాల్సింది," అన్నాడు. "అప్పుడు కూడా నేను..."

"కోడిపిల్ల సంగతి కోడిపిల్లదే," అందావిడ వెనక్కి తిరక్కుండా. "దాన్నీ దీన్నీ కలపకండి."

అతను పనికి వెళ్లిపోయాడు.

పదిరోజులు మామూలుగా గడిచాయి. పిల్లలకి రెక్కల ఈకలు మొలిచాయి. బల్బు నాలుగు వేళ్లు పైకి జరిపారు. ఒక ఆదివారం పెరటి కుళాయి దగ్గర ఆవిడ నీళ్ల గిన్నెలు తోముతోంది, అతను కోడిపిల్లలకి జాలీ గూడు కట్టడానికి చువ్వలు కోస్తున్నాడు. ఆవిడ తోముతూనే మొదలుపెట్టింది.

"ఆపరేషన్ వద్దన్నాను నేను. నువ్వు చేయించావు. పిల్ల ఇంట్లో పోవలసింది, ఆస్పత్రిలో పోయింది. నాకు నీ మీద కోపం ఉంది."

అతను రంపం ఆపాడు.

"పోతుందేమోనని చూశాను. పోలేదు. చెప్పకుండా నీ ఇంట్లో తింటున్నాను, అది బాగోలేదు. అందుకని చెప్తున్నాను, అంతే."

"నాకు తెలుసత్తయ్యా."

"తెలిసీ ఎందుకు ఉండనిచ్చావు?"

అతను చువ్వ చివర వేలితో తడిమాడు. మాటలు పేర్చుకోవడం అతనికి ఎప్పుడూ పెద్దపనే. "అందరూ నాతో మంచిగానే మాట్లాడారు. చేయగలిగిందంతా చేశావన్నారు. ఆర్నెల్లకి తన పేరెత్తడం కూడా మానేశారు. మీరొక్కరే... మీరు కోపంగా అటూ ఇటూ తిరుగుతుంటే, తను నిన్న మొన్ననే పోయినట్టుండేది. నాకది కావాలనిపించింది."

ఆవిడ గిన్నె బోర్లించింది. "చేయకపోతే నువ్వు బతకలేకపోయేవాడివేమో. అది నాకు తెలుసు. తెలిసినా కోపం పోలేదు."

"పోకపోతే పోనివ్వండి."

"ఆ చువ్వ పొట్టిగా కోశావు," అంది ఆవిడ లేస్తూ.

నిజమే, పొట్టిగా కోశాడు. ఇంకోటి కోశాడు. ఆ రోజునుంచి ఆవిడ 'మీరు' అనడం మానేసింది. ప్రేమ పొంగిపోయి కాదు. అంత మాట అన్నాక మళ్లీ మర్యాదలోకి వెళ్లడం ఎలాగో తెలియనట్టుంది.

నాలుగింట్లో రెండు పుంజులు, రెండు పెట్టలని మూడో నెలకి తేలింది. ఒక పెట్టకి ఎడమకాలికి నాలుగు వేళ్లే ఉన్నాయి. ఆవిడ ఆ సంగతి మొదటి రోజే చూసింది, చెప్పలేదు. మెకానిక్ ఒకరోజు గూడు కడుగుతూ తనే లెక్కపెట్టి, "అత్తయ్యా, దీనికి ఒకటి తక్కువ," అన్నాడు. "ఊరుకో, వినపడుతుంది," అందావిడ.

సర్వేయరు చెప్పిన తేదీకి చెప్పిన వేళకి దిగాడు. పొడుగాటి మనిషి, మెళ్లో కళ్లజోడు తాడు, చంకలో రిజిస్టరు. సరిగ్గా అదే పూట బావమరిది కూడా, చెప్పాపెట్టకుండా, అమ్మని తీసుకెళ్లడానికి టాక్సీలో వచ్చాడు. ఇరవై ఒక్క రోజులని చెప్పి అయిదు నెలలు జరిపిందని అతనికి ఒళ్లు మండిపోయి ఉంది. అత్తగారు కొడుకుని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, సర్వేయరుని పెరట్లోకి తీసుకెళ్లింది.

సర్వేయరు ఒక్కోదాన్ని ఒడుపుగా పట్టుకుని రెక్క విప్పి చూశాడు, కాలి ఈకలు దువ్వి చూశాడు, వేళ్లు లెక్కపెట్టాడు, తూచాడు. పుంజులు రెండూ బాగున్నాయన్నాడు. మొదటి పెట్ట ఇంకా బాగుందన్నాడు. రెండోదాని ఎడమకాలు దగ్గర చాలాసేపు ఆగాడు.

"రంగు మాత్రం అన్నింట్లోకీ దీనిదే సరైన రంగు," అన్నాడు చివరికి. "కానీ రాయలేను."

"ఒక్క వేలేగా," అంది అత్తగారు.

"ఈ రోజు ఒక్క వేలమ్మా. పదేళ్లకి అన్నీ నాలుగు వేళ్లవే అవుతాయి."

"మా నాన్న దగ్గరా ఇలాంటివి పుట్టేవి. ఆయన వాటి మెడ విరిచేవాడు."

"నేను విరవమనట్లేదు. గుడ్లు పొదిగించొద్దంటున్నాను." అని రిజిస్టరు తెరిచాడు. "పెంపకందారు పేరు ఎవరిది రాయమంటారు? ఈ మూడింటికీ పిల్లలు దిగి, ఆ పిల్లలు పెద్దవయ్యేదాకా వాళ్లదే బాధ్యత. తక్కువలో తక్కువ రెండేళ్లు."

వరండాలోంచి బావమరిది కేకేశాడు. "అమ్మా, టాక్సీవాడు గొడవ చేస్తున్నాడు!"

ఆవిడ అటు తిరగలేదు. మెకానిక్ వైపూ చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని కాబోలు, కోళ్లవైపే చూస్తూ నిలబడింది.

"అత్తయ్యగారి పేరు రాయండి," అన్నాడు మెకానిక్. "చిరునామా ఇదే."

సర్వేయరు రాసుకున్నాడు. ఒక పుంజుని వేరే రక్తంతో కలపడానికి బుట్టలో పెట్టుకున్నాడు, దాని బదులు ఇంకో ఊరినుంచి పెట్టని పంపిస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ ముందు ఆగి, తలుపు తీసి, వేసి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగి, జవాబు వినకుండానే దాని కొలతలు రిజిస్టరు వెనక పేజీలో రాసుకుని మరీ వెళ్లాడు.

బావమరిదిది మాత్రం ఇంకా తెమల్లేదు. "జనం ఏమనుకుంటున్నారో తెలుసా బావా? కూతురు లేని ఇంట్లో..."

"నువ్వు అంత దూరంనుంచి వచ్చావు కాబట్టి వస్తాను," అంది తల్లి అడ్డుపడి. "వారంరోజులుంటాను. నీ పిల్లల్ని చూసి వస్తాను." అలమరా పైనుంచి సంచీ తీయడానికి చెయ్యందకపోతే మెకానిక్ తీసి ఇచ్చాడు. కోళ్లకి ఎప్పుడెప్పుడు ఏమేం వేయాలో ఆవిడ గుమ్మం దాటేదాకా చెప్తూనే ఉంది. అవన్నీ అతనికి తెలుసు. ఊఁ కొడుతూ విన్నాడు.

ఇల్లు బోసిగా ఉంటుందని అతను అనుకున్నాడు గాని, అంతగా అనిపించలేదు. పుంజు కూత పట్టింది. దాని కూత ఇంకా సరిగ్గా కుదరక, కంప్రెసరు ఆగిపోయేముందు కొట్టుకున్నట్టుండేది. అతను పనికెళ్లొచ్చి, గూడు ఊడ్చి, ఒక్కడే తిని పడుకున్నాడు. అయిదో రోజు పొద్దున్న గడ్డిలో గుడ్డు కనపడింది. చిన్నది, నిమ్మకాయంత. ఎవరు పెట్టారో తెలియలేదు. పక్కన నిలబడి అరుస్తున్నది మాత్రం నాలుగు వేళ్లదే. ఫోను చేసి చెప్పాడు.

"నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు," అందావిడ.

వారమన్న మనిషి ఆరో రోజు మధ్యాహ్నమే ఆటో దిగింది. కొడుకు ఇల్లు నాలుగో అంతస్తట, మెట్లు పడలేదట. కోడలు మంచిదేనట. మాట్లాడుతూనే చెప్పులు విప్పకుండా పెరట్లోకి నడిచి, నీళ్ల గిన్నె చూసి, "ఇది కడగడమంటే ఇదేనా?" అని పారబోసింది. గుడ్డుని వెలుతురుకి పట్టి చూసింది.

"మొదటి గుడ్లు పొదగడానికి పనికిరావు," అంది. "ఎవరు పెట్టినా సరే. వేయించుకోవడమే."

వేయిస్తే అది పెనం మీద సరిగ్గా రెండు ముద్దలైంది. ఆవిడ ఎప్పట్లా తలుపు దగ్గర నిలబడకుండా బల్లకి ఆ చివర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉప్పు తక్కువైందని అతనన్నాడు. నీ చెయ్యే అటుపక్క ఉంది, వేసుకో అంది ఆవిడ.